తిరుపతిలో కూర్చుని బంగాళాఖాతాన్ని చదవడం ఎలా?

అక్టోబరు వస్తే చాలు, నాకు ఒకే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. "వాయుగుండమే అంటున్నారు, తుపాను కాదుగా. కొండకు రావచ్చా?" ఇంకొందరు తీరాన వాకాడు వైపు బంధువులున్నవాళ్లు. "మా బావగారు చేపల వేటకు వెళ్లవచ్చంటావా?" అని వాళ్లడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పలేక ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అరగంట కేటాయిస్తే వాతావరణ శాఖ బులెటిన్‌ను మీరే చదువుకోగలరు.

ఒకప్పుడు చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు వచ్చి చేరడంతో తిరుపతి జిల్లాకు తీరం దక్కింది. అంతకుముందు మాత్రం సముద్రం మన జోలికి రాలేదా? 2021 నవంబరు 18న తిరుపతి వీధుల్లో పారిన నీళ్లన్నీ బంగాళాఖాతం నుంచి లేచినవే. ఆ రోజు సముద్రంలో ఉన్నది తుపాను కాదు, పేరు కూడా పెట్టని వాయుగుండం. "వాయుగుండమే కదా" అని స్కూటరును సెల్లారులో వదిలి పడుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. మర్నాడు హ్యాండిలు మాత్రమే పైకి కనిపించింది. బులెటిన్ చదవడం నేర్చుకున్నది ఆ తర్వాతే.

ముందుగా ఒక హెచ్చరిక. ఇది ఇంట్లో ఉండి పరిస్థితి అర్థం చేసుకోవడానికి, ప్రయాణం వాయిదా వేసుకోవాలో లేదో తేల్చుకోవడానికి మాత్రమే. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దని అధికారులు చెప్పాక, మీ లెక్క ఏం చెప్పినా పడవ ఒడ్డునే ఉండాలి.

కావలసినవి

ఫోను, పెన్సిలు, ఒక నోటుపుస్తకం. అక్షాంశ రేఖాంశాల గీతలున్న దక్షిణ భారతం, బంగాళాఖాతం పటం ఒకటి. పాఠశాల అట్లాసులో పేజీ చాలు, నకలు తీసుకోండి. సమాచారానికి మూడు చోట్లు: భారత వాతావరణ శాఖ (ఐఎండీ) తుపాను విభాగం వెబ్‌సైటు, అమరావతి వాతావరణ కేంద్రం తెలుగులో ఇచ్చే రోజువారీ సూచన, అలల కోసం హైదరాబాదులోని ఇన్‌కాయిస్. సముద్రం మీద అలలు ఎంత ఎత్తున ఉంటాయో చెప్పే జాతీయ సంస్థ సముద్రం లేని హైదరాబాదులో ఉండటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మనం తిరుపతి నుంచి చూడటంలో తప్పేమీ లేదన్నమాట.

1. మొదట గడియారం చూడండి

బులెటిన్ తెరవగానే అందరి కళ్లూ పటం మీదికి వెళ్తాయి. మీరు మాత్రం పైనున్న తేదీ, సమయం చూడండి. అంతర్జాతీయ బులెటిన్లలో సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే ప్రామాణిక సమయంలో ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. 00 యూటీసీ అంటే ఉదయం 5.30, 03 అంటే ఉదయం 8.30, 12 అంటే సాయంత్రం 5.30. "180600" అని అంకెలు కలిపి రాసి ఉంటే 18వ తేదీ 06.00 యూటీసీ, అంటే మనకు ఆ రోజు పగలు 11.30.

తేదీ లేని చిత్రం వాట్సాప్‌లో వస్తే చదవకుండా తీసేయండి. పాత తుపాను చిత్రాలు ఏటా కొత్త తుపాను పేరుతో తిరుగుతూనే ఉంటాయి.

2. ఏ సముద్రం గురించి చెబుతున్నారో చూడండి

బంగాళాఖాతాన్ని వాతావరణ శాఖ ముక్కలుగా విడదీసి మాట్లాడుతుంది: నైరుతి, ఆగ్నేయ, పశ్చిమ మధ్య, తూర్పు మధ్య, వాయవ్య, ఈశాన్య బంగాళాఖాతం. మనకు కావలసినవి నైరుతి, పశ్చిమ మధ్య భాగాలు. సూళ్లూరుపేట తీరం ఈ రెండింటి సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండూ చదవాలి. "ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం" అని ఉంటే అది ఇంకా అండమాన్ వైపున ఉన్నట్టు. కంగారు అక్కర్లేదు, నోటుపుస్తకం మాత్రం తెరవండి.

3. కేంద్రాన్ని పటం మీద గుర్తించండి

బులెటిన్‌లో కేంద్రం అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. పెన్సిలుతో చుక్క పెట్టండి. మన ఊళ్లవి కూడా ముందే గుర్తించి ఉంచుకోండి: తిరుపతి 13.6 ఉత్తరం, 79.4 తూర్పు, సూళ్లూరుపేట 13.7, 80.0; చెన్నై 13.1, 80.3, నెల్లూరు 14.4, 80.0, బాపట్ల 15.9, 80.5.

దూరం లెక్క తేలిక. ఒక అక్షాంశం 111 కిలోమీటర్లు. మన ప్రాంతంలో ఒక రేఖాంశం సుమారు 108. కేంద్రం 11.4 ఉత్తరం, 82.8 తూర్పు దగ్గర ఉందనుకుందాం. సూళ్లూరుపేటకు ఉత్తర దక్షిణాల తేడా 2.3 డిగ్రీలు, అంటే 255 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 2.8 డిగ్రీలు, అంటే 300 పైచిలుకు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజంలో పెడితే ఏటవాలు దూరం దాదాపు 400 కిలోమీటర్లు. లెక్కలంటే గిట్టనివాళ్లు పటం మీద దారం పెట్టి కొలవండి, సరిపోతుంది.

అది గంటకు 15 కిలోమీటర్ల చొప్పున నేరుగా వస్తే 26, 27 గంటలు పడుతుంది. కానీ నేరుగా రాదు. ఆగుతుంది, వంకర తిరుగుతుంది, ఒక్కోసారి ఒకేచోట గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. అందుకే ఒక్క చుక్కతో ఆగకుండా, బులెటిన్ వచ్చినప్పుడల్లా కొత్త చుక్క పెట్టి పక్కన సమయం రాయండి. నాలుగు చుక్కలు పడేసరికి దాని నడక మీకే కనబడుతుంది. చుక్కలు దగ్గర దగ్గరగా పడుతుంటే అది నెమ్మదించినట్టు. తీరం పక్కన నెమ్మదిస్తే ఆ తీరానికి వాన ఎక్కువ.

4. పేరును గాలిగా మార్చుకోండి

వాయుగుండం, తుపాను అన్న పేర్లు గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. వేగాన్ని నాట్లలో చెబుతారు. వరినాట్లు కావు, సముద్రంలో వేగానికి కొలత. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.

గాలి 17 నాట్ల లోపు ఉంటే అల్పపీడనం. 17 నుంచి 27 దాకా, అంటే గంటకు 31–49 కిలోమీటర్లయితే వాయుగుండం. 50–61 కిలోమీటర్లు తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఆపైన 166 దగ్గర ఒక మెట్టు, 221 దగ్గర మరో మెట్టు ఉన్నాయి. ఆ రెంటికీ తెలుగు పత్రికలు తలోరకం పేరు వాడుతుంటాయి కాబట్టి అంకెనే చూడండి.

ఇవన్నీ నిలకడగా వీచే గాలి వేగాలు. "ఈదురుగాలులు 70 వరకు" అని పక్కన రాసేది మధ్యమధ్య విసురుగా వచ్చే గాలి గురించి. రెండో అంకె ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. దాన్ని పట్టుకుని "తుపాను అయిపోయింది" అనకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐఎండీ మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది, అమెరికా నౌకాదళ కేంద్రం ఒక నిమిషం సగటు. అందువల్ల అదే తుపానుకు అమెరికావాళ్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ఈ జాబితా మొత్తంలో వాన అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు. నా స్కూటరు మునిగింది ఇది తెలియకే.

5. కేంద్రం మనకు దక్షిణాన ఉందా, ఉత్తరాన ఉందా?

మిగిలినవి మరిచిపోయినా ఈ మెట్టు గుర్తుంచుకోండి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దీన్నిబట్టి మనకు వచ్చే గాలి ఎటునుంచో చెప్పవచ్చు.

కేంద్రం మనకు దక్షిణాన, అంటే చెన్నై, పుదుచ్చేరి వైపున ఉంటే మన మీద వీచేది తూర్పుగాలి. అది సముద్రం మీదుగా వస్తుంది, నిండా తేమ ఉంటుంది. నేరుగా వచ్చి శేషాచలం కొండలను ఢీకొంటుంది, ముందుకు పోలేక పైకి లేస్తుంది, చల్లబడుతుంది, అక్కడికక్కడే కుమ్మరిస్తుంది. కొండ మీద పడిన నీళ్లకు కిందికి రావడానికి ఎంతసేపు? కపిలతీర్థం జలపాతం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఆ వాయుగుండం తీరం దాటింది పుదుచ్చేరి, చెన్నై మధ్య. మనకు దక్షిణాన. గాలి తుపాను స్థాయిలో లేదు. అయినా శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట దిగువ ఊళ్లకు నిద్ర లేకుండా చేసింది. చిత్తూరు వైపు వాగులదీ అదే కథ.

కేంద్రం మనకు ఉత్తరాన, బాపట్ల, మచిలీపట్నం వైపున ఉంటే మనకు తగిలేది పడమర, వాయవ్య గాలి. అది నేల మీదుగా వస్తుంది, తేమ తక్కువ. కాబట్టి ఎంత పెద్ద పేరున్న తుపాను అయినా మనకు మబ్బు పట్టి ఓ జల్లు కురిసి పోవచ్చు.

ఇక్కడే అందరూ బోల్తా పడే మలుపు ఒకటుంది. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న తీరం దాటింది బాపట్ల దగ్గర. "బాపట్ల కదా, మనకేం కాదు" అన్నవాళ్లు ఉన్నారు. కానీ అది బాపట్లకు పోయేముందు చెన్నై పక్కగా, తీరం వెంబడి పైకి పాకింది. అలా పాకుతున్నంతసేపూ చెన్నై, సూళ్లూరుపేట తడిసి ముద్దయ్యాయి. కాబట్టి తీరం దాటే చోటు ఒక్కటే చూడకండి. మూడో మెట్టులో పెట్టిన చుక్కల మీదుగా గీత గీసి, కేంద్రం మనకు దక్షిణంగా, ఆగ్నేయంగా ఎన్ని గంటలు ఉంటుందో లెక్కపెట్టండి. ఆ గంటలే మన వాన గంటలు.

6. వాన మాటలకు అంకెలు తెలుసుకోండి

"భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. "అతి భారీ" అంటే 204.4 దాకా. అది దాటితే "అత్యంత భారీ". మిల్లీమీటర్లు కంటికి ఆనవు కాబట్టి ఇలా చూడండి: వంద చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్లు పడితే 10,000 లీటర్లు. ఒక మంచినీళ్ల ట్యాంకరు కుమ్మరించినట్టే.

ఇంకో మాట "ఒకటి రెండు చోట్ల". దీన్ని చూసి తేలిగ్గా తీసుకోవద్దు. జిల్లాలో ఆ ఒకటి రెండు చోట్లు మీ వీధి కావచ్చు. "చాలా చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు, ఒకటి రెండు చోట్ల అతి భారీ" అన్న వాక్యంలో మనం చదవాల్సింది రెండో సగం.

ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల గురించి అందరికీ తెలుసు. పసుపైతే గమనిస్తూ ఉండండి. నారింజ వస్తే కారును ఎత్తైన చోటికి మార్చండి. ఎరుపు వస్తే ప్రయాణం మానండి. ఇది నా ఇంటి నియమం, అధికారిక నిర్వచనం కాదు.

7. అలలు (తీరంలో మనవాళ్లున్నవారికి)

కొండకు వచ్చేవాళ్లు దీన్ని దాటేయవచ్చు. తూపిలిపాలెం బీచికి పిల్లలతో వెళ్లేవాళ్లు, వేటకు పోయే బంధువులున్నవాళ్లు చదవండి.

ఇన్‌కాయిస్ సూచనలో "అల ఎత్తు 2 మీటర్లు" అని ఉంటే ప్రతి అలా 2 మీటర్లని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు కట్టిన అంకె అది. అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు అల కూడా వస్తుంది. పడవను తిరగేసేది ఆ ఒక్కటే. 1.25 మీటర్ల లోపు సముద్రం మామూలుగా ఉన్నట్టు. 2.5 దాటితే అల్లకల్లోలం, 4 దాటితే ఇంకా ఘోరం. ఫైబర్ పడవలకు 2.5 కూడా ఎక్కువే.

ఎత్తు పక్కనే సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది, అలకూ అలకూ మధ్య వ్యవధి. దీన్ని ఎవరూ చూడరు. 5, 6 సెకన్లుంటే దగ్గరలోని గాలి లేపిన అల. 15 సెకన్లకు పైన ఉంటే ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణపు అంచున లేచి రోజుల తరబడి నడిచి వచ్చిన అల. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఆకు కదలదు. అయినా ఒడ్డుకు వచ్చేసరికి అది ఒక్కసారిగా లేచి, ఆరబెట్టిన వలలను కూడా లాక్కుపోతుంది. కేరళవాళ్లు దీన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగ సముద్రమని అర్థం. ఇన్‌కాయిస్ దీనికి ప్రత్యేకంగా హెచ్చరిక ఇస్తుంది.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. 1, 2 దూరాన ఏదో ఉందని. 3, 4 రేవుకే గాలి ముప్పు ఉందని. 5 నుంచి 7 ప్రమాదం. 8 నుంచి 10 పెను ప్రమాదం. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని. కృష్ణపట్నంలో 3 ఎగరేశారంటే మనవైపు సముద్రంలోకి ఎవరూ పోకూడదు.

8. చివరగా విండీ

విండీ అంటే గాలి, వాన అంచనాలను పటం మీద చూపించే యాప్. ఆ రంగురంగుల పటం చూడాలని అందరికీ ఉంటుంది. చూడండి, కానీ చివర. అందులో వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే కంప్యూటరు నమూనాలు రెండు ఉంటాయి: అమెరికావాళ్ల జీఎఫ్ఎస్, యూరప్‌వాళ్లది. రెండూ మార్చి మార్చి చూడండి. రెండూ ఒకే చోటు చూపిస్తే కొంత నమ్మవచ్చు. ఒకటి ఒడిశాకు, ఒకటి తమిళనాడుకు పంపిస్తుంటే ఇంకా ఏమీ తేలలేదని అర్థం, రెండు రోజులాగి చూడండి. అయిదు రోజుల అవతలి తుపాను పటాన్ని ఎవరికీ పంపకండి. జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు కొత్త లెక్క వేస్తుంది. ఉదయం భయపెట్టిన తుపాను రాత్రికి మాయమైన సందర్భాలు నా నోటుపుస్తకంలో బోలెడు.

ఫోను చేతకాని పెద్దవాళ్లకు ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు, విపత్తుల నిర్వహణ సంస్థ పంపే సందేశాలు చాలు. రాష్ట్ర కంట్రోల్ రూము 1070. సముద్రంలో చిక్కుకున్నవారి కోసం తీరరక్షక దళం 1554.

తరచూ జరిగే పొరపాట్లు

తీరం దాటగానే అయిపోయిందనుకోవడం. దాటాక గాలి తగ్గుతుంది, వాన వెంటనే తగ్గదు. వాన ఆగినా చెరువులకు పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. కట్టల దిగువన ఉండేవాళ్లకు అసలు రాత్రి ఆ తర్వాతిదే.

పటం మీద గరాటులా వెడల్పయ్యే ప్రాంతాన్ని తుపాను పరిమాణం అనుకోవడం. అది కేంద్రం ఎక్కడైనా ఉండగల హద్దు మాత్రమే. వాన దాని బయట కూడా పడుతుంది. ఒకరోజు ముందు చెప్పిన దారిలో కూడా యాభై, వంద కిలోమీటర్ల తేడా రావచ్చు. మనకూ చెన్నైకీ మధ్య దూరం అంతకన్నా పెద్ద ఎక్కువేమీ కాదు.

ఉపగ్రహ చిత్రంలో తెల్లగా ఉన్నచోటల్లా వాన పడుతోందనుకోవడం. అది మేఘం పైకప్పు ఎంత చల్లగా ఉందో చెబుతుంది. వాన ఎక్కడ పడుతోందో చూడాలంటే చెన్నై రాడార్ చిత్రం తెరవండి, దాని మీద కూడా ముందు సమయం చూడండి.

గాలి దిశ తిరగేసి చదవడం. ఈశాన్య గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చేది. సముద్ర ప్రవాహానికి మాత్రం ఇది తారుమారు. ఉత్తర ప్రవాహం అంటే ఉత్తరానికి పోయేది.

సరిగ్గా చదివారో లేదో ఎలా తెలుస్తుంది?

గాలికి వీపు చూపించి నిలబడండి. అల్పపీడనం మీ ఎడమచేతి వైపున ఉండాలి. తూర్పుగాలి వీపుకు తగులుతుంటే మీ ముఖం పడమరకు, ఎడమచేయి దక్షిణానికి ఉంటుంది. పటం మీద చుక్క కూడా దక్షిణాన ఉంటే మీ లెక్క కుదిరినట్టే. తిరుపతిలో కొండలు, భవనాలు గాలిని తిప్పేస్తాయి కాబట్టి వీధిలో నిలబడి చూస్తే తప్పు చెబుతుంది. డాబా ఎక్కి, కిందివరుస మబ్బులు ఎటునుంచి ఎటు పరిగెడుతున్నాయో చూసి దాన్నే గాలి అనుకోండి.

వానకు నిలువు అంచులున్న పాత్ర ఒకటి డాబా మధ్యలో, పక్కకు ఒరగకుండా పెట్టండి. పైన వెడల్పు, కింద సన్నం ఉన్న బకెట్టు పనికిరాదు. ఉదయం 8.30కి స్కేలు ముంచి చూడండి. వాతావరణ శాఖ లెక్క కూడా ఆ గంటకే ముగుస్తుంది కాబట్టి మర్నాటి అధికారిక అంకెతో పోల్చుకోవచ్చు. మీదీ వాళ్లదీ కలవకపోతే వెంటనే పాత్రను అనుమానించకండి. అలిపిరిలో కుంభవృష్టి కురుస్తుంటే రేణిగుంటలో రోడ్డు పొడిగా ఉన్న రోజులు నేను చూశాను.

నోటుపుస్తకంలో ఒక్కో రోజుకు ఒక్కో వరుస: తేదీ, కేంద్రం ఎక్కడ, మనకు ఏ దిక్కున, వాళ్లు చెప్పిన వాన, మన పాత్రలో పడిన వాన. డిసెంబరు చివరకు ముందుకు తిప్పి, మూడో గడిలో "దక్షిణం" అని ఉన్న రోజులన్నీ వేలితో పట్టుకుంటూ పోండి. చివరి గడిలో పెద్ద అంకెలు ఎక్కడ పడ్డాయో చూసి, వచ్చే అక్టోబరులో స్కూటరు ఎక్కడ పెట్టాలో అప్పుడే రాసి పెట్టుకోండి.